కప్పల తక్కెడ కాదు... కప్పల లెక్క!
మడిలో, కుంటలో నీటికప్పలు ఎన్నున్నాయో రైతే తెలుసుకునే పద్ధతి

ఒకటి ఎక్కిస్తే ఇంకోటి దూకే పనిని మనవాళ్లు ‘కప్పల తక్కెడ’ అంటారు. అంటే కప్పల్ని తూచడం, లెక్కపెట్టడం అయ్యే పని కాదని సామెత చెప్పినవాళ్ల అభిప్రాయం. కానీ కప్పల్ని కదిలించకుండా, చేత్తో పట్టకుండా లెక్కపెట్టే పద్ధతులు ఉన్నాయి. వాటికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక టార్చిలైటు, ఒక నోటు పుస్తకం, నెలకు మూడు రాత్రులు అరగంట చొప్పున ఓపిక ఉంటే చాలు. ఆ పద్ధతులు ఈ వారం పాఠంగా ఇస్తున్నాం.

లెక్క ఎందుకు?

ఏ ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చున్నా పెద్దవాళ్లు ఒక మాట అంటారు. “మా చిన్నప్పుడు తొలకరి పడితే కప్పల అరుపులకి నిద్ర పట్టేది కాదయ్యా, ఇప్పుడా సందడే లేదు” అని. ఈ మాట నిజం కావచ్చు. ఒక ఊళ్లో నిజమై, పక్క ఊళ్లో కాకపోవచ్చు. ఎవరూ రాసి పెట్టలేదు గనుక తేల్చి చెప్పే వీల్లేదు.

ఈ లోటు మన దేశం ఒకసారి పెద్ద ఎత్తున చవిచూసింది. కప్ప కాళ్లను విదేశాలకు ఎగుమతి చేసే వ్యాపారం మన దేశంలో 1980ల దాకా జోరుగా సాగింది. వానాకాలం రాత్రుళ్లు పెట్రోమాక్స్ లైట్లతో పొలాల్లో తిరిగి బోదురుకప్పల్ని బస్తాలకెత్తేవారు. 1985లో ఈ కప్ప అంతర్జాతీయ వ్యాపారం మీద నిఘా ఉండే జాబితాలోకి ఎక్కింది. 1987లో కేంద్ర ప్రభుత్వం కప్ప కాళ్ల ఎగుమతిని నిషేధించింది. తర్వాత ఆ వ్యాపారం ఎక్కువగా ఇండోనేషియాకు తరలిపోయింది. కప్పలు తగ్గితే పురుగు పెరుగుతుంది, పురుగు పెరిగితే మందు ఖర్చు పెరుగుతుంది అన్న వాదన అప్పుడు గట్టిగా వినిపించింది. వాదన బాగానే ఉంది. కానీ మన ఊరి మడుల్లో అంతకు ముందు ఎన్ని కప్పలు ఉండేవో, తర్వాత ఎన్ని మిగిలాయో చెప్పే లెక్క మాత్రం ఏ రైతు పుస్తకంలోనూ లేదు.

ప్రపంచం మొత్తం మీద చూస్తే సంగతి ఇంకా తీవ్రంగా ఉంది. 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన అంచనా ప్రకారం కప్పల వంటి ఉభయచరాల్లో 100కు దాదాపు 41 జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. మన మడుల్లో తిరిగే సాధారణ కప్పలు ఆ ప్రమాదపు జాబితాలో లేవు. సంతోషమే. కానీ జాతికి ప్రమాదం లేదంటే మీ మడిలో ఉన్నట్టు కాదు. దేశంలో కోట్ల కప్పలు ఉండి, మీ రెండెకరాల్లో ఒక్కటీ లేకపోతే మీ పొలంలో పురుగు తినే నోరు ఒకటి తగ్గినట్టే.

కప్ప చర్మం మన చర్మం లాంటిది కాదు. పల్చగా, తడిగా ఉంటుంది. దాని గుండా నీరు, గాలి లోపలికి పోతాయి. నీటిలో కలిసిన మందూ పోతుంది. అందుకే నీరు చెడితే ముందు దెబ్బ తినేవాటిలో కప్ప ఒకటి. ఆ నీరే మన గొడ్లు తాగుతున్నాయి, ఆ మడిలోనే మనం దిగి కలుపు తీస్తున్నాం. కాబట్టి కప్ప లెక్క అంటే మన నీటి లెక్క కూడా.

ఏ కప్పను లెక్కపెట్టాలి?

అన్ని కప్పల్నీ కలిపి ఒకటే అంకె వేస్తే ఉపయోగం లేదు. మొదట మూడు రకాలు గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

ఒకటి: నీటి మీద తేలే కప్ప. దీని శాస్త్రీయ నామం యూఫ్లిక్టిస్ సయనోఫ్లిక్టిస్. ఈ వ్యాసంలో దీన్ని ‘నీటికప్ప’ అని పిలుద్దాం. బారెడు దూరంలో అడుగు వేయగానే నీటి మీద పెంకు విసిరినట్టు టపటపా గెంతుకుంటూ పోయి మళ్లీ తేలే కప్ప ఇదే. బూడిద, గోధుమ లేదా మట్టి పచ్చ రంగు, వీపు మీద నల్లటి మచ్చలు, పొట్ట తెలుపు. పొడవు రెండు, రెండున్నర అంగుళాలు. వెనక కాలి వేళ్ల మధ్య పొర చివరిదాకా ఉంటుంది. కళ్లు తల పైభాగాన ఉంటాయి గనుక ఒళ్లంతా నీళ్లలో పెట్టి కళ్లు మాత్రం పైకి పెట్టి చూస్తుంది.

రెండు: బోదురుకప్ప. గోదురుకప్ప, గోండ్రుకప్ప అని కూడా అంటారు. శాస్త్రీయ నామం హోప్లోబాట్రాకస్ టైగరినస్. మన కప్పల్లో పెద్దది, ఆరంగుళాల దాకా పెరుగుతుంది. తొలకరి వానకు మగకప్ప పసుపు పచ్చగా మారి, గొంతు పక్కన రెండు నీలి సంచులు ఉబ్బించి అరుస్తుంది. ఎండాకాలంలో మట్టిలో దూరి పడుకుంటుంది.

మూడు: గోకురుకప్ప. ఒంటి నిండా పొక్కులు, పొడి చర్మం. ఇళ్ల దగ్గర వీధి దీపం కింద పురుగులు తినేది ఇదే. గుడ్లు పెట్టడానికి మాత్రం నీళ్లకు వస్తుంది.

వీటిలో లెక్కకు అనువైనది నీటికప్ప. కారణాలు మూడు. ఇది నీళ్లను వదిలి ఎక్కువ దూరం పోదు. నీరు నిలిచి ఉన్నంతకాలం ఏడాది పొడవునా కనబడుతుంది. బోదురుకప్ప మాదిరి ఎండాకాలం రాగానే మట్టిలోకి మాయం కాదు. కాబట్టి ఈ నెల అంకెను వచ్చే నెల అంకెతో, ఈ కుంటను ఆ కుంటతో పోల్చడం సులువు. నోటు పుస్తకంలో మూడు గడులు గీసి మూడు రకాలూ విడివిడిగా రాయండి. పోలిక మాత్రం నీటికప్పతో చేయండి.

అది ఎక్కడ ఉంటుంది?

చెరువు అంచు, ఊట కుంట, వరి మడి, పంట కాలువ, పాడుబడ్డ దిగుడు బావి, చివరికి గేదెలు దొర్లే గుంట కూడా నీటికప్పకు ఇల్లే. అయితే అన్ని చోట్లా ఒకే లెక్కలో ఉండదు. దానికి కావలసినవి నాలుగు: వాలుగా ఉండే లోతు తక్కువ అంచు, దాక్కోవడానికి కొంచెం గడ్డి లేక తుంగ, తేలడానికి కొంచెం తెరిపి నీరు, తోకకప్పలు కాళ్లు వచ్చి బయటికి వచ్చేదాకా ఎండని నీరు.

గుర్రపు డెక్క పరుచుకుని నీరే కనబడని చెరువు, నిట్రంగా రాయి కట్టిన అంచు, రెండు వారాలకే ఎండే మడి... ఈ మూడింటిలోనూ కప్పకు ఏదో ఒకటి కరువే. అందుకని కప్పల అంకెతోపాటు ఆ చోటు వివరం కూడా రాయాలి. వివరం లేని అంకె తేదీ లేని రసీదులాంటిది. లెక్కపెట్టిన ప్రతి చోటా ఈ సంగతులు రాయండి:

అంచు నుంచి అడుగు దూరంలో నీటి లోతు ఎంత? కర్రకు అంగుళాల గీతలు పెట్టుకుంటే సరి.
నీటి మీద మొక్క ఎంత పరుచుకుంది? ఏమీ లేదు, పావు వంతు, సగం, ముప్పావు, మొత్తం... ఈ ఐదింటిలో ఒకటి వేయండి.
అంచు వాలుగా ఉందా, నిట్రంగా ఉందా? మట్టా, రాయా, సిమెంటా?
నీరు ఎక్కడి నుంచి వస్తోంది? వానా, కాలువా, బోరా?
చేపలు, బాతులు ఉన్నాయా?
గత పదిహేను రోజుల్లో చుట్టుపక్కల ఏ మందు కొట్టారు, ఎప్పుడు కొట్టారు?

గట్టు మీద లెక్క

మొదట వరి మడి గట్టుతో మొదలుపెట్టండి. పగలు వెళ్లి 100 మీటర్ల గట్టు కొలిచి రెండు చివర్లా కర్ర పాతాలి. అంత పొడవు గట్టు లేకపోతే ఉన్నదే కొలవండి, కానీ కొలత మాత్రం రాసుకోవాలి. గట్టు మీద గుంటలు, కరెంటు తీగలు, బావులు ఎక్కడున్నాయో పగలే చూసి పెట్టుకోవాలి.

పొద్దు గూకిన గంట తర్వాత బయల్దేరాలి. ఇద్దరు వెళ్లాలి, ఒక్కరు వెళ్లరాదు. ఒకరు చూసి చెబితే ఇంకొకరు రాయాలి. ఇద్దరూ లెక్కపెట్టి కలపరాదు. టార్చిలైటు నడుం దగ్గర కాకుండా చెంప పక్కన, కంటి ఎత్తులో పట్టుకోండి. అప్పుడే కప్ప కన్ను మెరుపు మన కంటికి తగులుతుంది. గడ్డిలో ఆవగింజంత సన్నగా మెరిసే చుక్కలు కనబడతాయి, అవి సాలీళ్ల కళ్లు. వాటిని కలపకండి.

మెల్లగా నడవాలి. 100 మీటర్లకు పదిహేను, ఇరవై నిమిషాలు పట్టాలి. గట్టుకు ఒక పక్కనే, రెండు మీటర్ల వెడల్పులో నీటిని చూసుకుంటూ పోవాలి. వెనక్కి తిరిగి చూసి లెక్కపెట్టరాదు. ముందుకు గెంతిన కప్ప ఎక్కడ పడిందో గమనిస్తే అదే కప్పను రెండోసారి లెక్కపెట్టే పొరపాటు ఉండదు. రకం తెలియని కప్పను ‘తెలియనిది’ అనే గడిలో వేయండి. ఊహించి నింపొద్దు.

ఒక్క రాత్రి లెక్కను నమ్మరాదు. గాలి, చలి, వెన్నెల, వాన ఒక్కో రాత్రి ఒక్కో విధంగా ఉంటాయి. వారం రోజుల లోపల మూడు రాత్రులు, అదే వేళకు, అదే మనిషి, అదే లైటుతో చూడాలి.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ. మీ గట్టు 120 మీటర్లు అనుకోండి. మూడు రాత్రుల్లో 18, 24, 21 నీటికప్పలు కనబడ్డాయి. మొత్తం 63. మూడుతో భాగిస్తే సగటు 21. దీన్ని 100తో హెచ్చించి 120తో భాగిస్తే 17.5. అంటే 100 మీటర్ల గట్టుకు పదిహేడున్నర. ఇలా 100 మీటర్లకు కట్టడం వల్ల పక్క రైతు 80 మీటర్ల గట్టు లెక్కతో పోల్చుకోవచ్చు.

చెరువు అంచున లెక్క

చెరువు చుట్టూ అంతా నడవడం రాత్రిపూట కుదరదు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా తిరగెయ్యం కదా, నాలుగు మెతుకులు పట్టి చూస్తాం. ఇదీ అంతే. అయితే ఒకే చోట మెతుకులు పట్టరాదు.

చెరువు చుట్టుకొలత 300 మీటర్లు ఉంటే 25 మీటర్ల చొప్పున 12 ముక్కలు చేసి కర్రలు పాతండి. 1 నుంచి 12 దాకా చీటీలు రాసి, కలిపి, పిల్లవాడి చేత నాలుగు తీయించండి. వచ్చిన నాలుగు ముక్కల్లోనే లెక్కపెట్టాలి. ‘అటు పక్క కప్పలు బాగుంటాయి, అటే పోదాం’ అనుకుంటే అంకె ఉన్నదానికంటే పెద్దదైపోతుంది. దారి బాగున్న వైపే నడిచినా తప్పే. ఏదైనా ముక్క అసలు నడవడానికి వీలు లేకుండా ప్రమాదంగా ఉంటే, చీటీలు తీయక ముందే దాన్ని పక్కన పెట్టి, ఆ సంగతి రాసి, మిగిలిన ముక్కలకే లెక్క కట్టాలి.

ఉదాహరణకు నాలుగు ముక్కల్లో 9, 2, 14, 3 వచ్చాయనుకోండి. మొత్తం 28. సగటు ముక్కకు 7. పన్నెండు ముక్కలకు 84. ఇదీ చెరువు అంచున ఆ రాత్రి కనబడగల కప్పల అంచనా.

ఇక్కడ ఆగకండి. అసలు పాఠం ఇప్పుడుంది. 9, 14 వచ్చిన ముక్కలు ఎలా ఉన్నాయి, 2, 3 వచ్చిన ముక్కలు ఎలా ఉన్నాయి? ముందే రాసుకున్న వివరం తీసి పక్కన పెట్టండి. మొదటి రెండూ గడ్డి ఉన్న వాలు అంచులు, తర్వాతి రెండూ రాతి కట్టు వైపు అయితే, మీ చెరువులో కప్పకు కొరతగా ఉన్నది నీరు కాదు, అంచు అని తెలుస్తుంది. ఇదే తీరు మరో రెండు మూడు చెరువుల్లో కూడా కనబడితే ఆ మాట గట్టిపడుతుంది. ఒక్క చెరువుతో తీర్పు చెప్పొద్దు.

చెవితో లెక్క

చీకట్లో నడవలేని వాళ్లు, కంటిచూపు తగ్గిన పెద్దవాళ్లు చెవితో సాయం చేయొచ్చు. ఒక చోట కదలకుండా నిలబడి రెండు నిమిషాలు ఆగి, తర్వాత ఐదు నిమిషాలు వినాలి. నాలుగు అంకెలు చాలు.

0 అంటే అరుపు లేదు.
1 అంటే ఒక్కొక్క కప్ప విడిగా వినిపిస్తుంది, లెక్కపెట్టవచ్చు.
2 అంటే అరుపులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, అయినా విడదీయవచ్చు.
3 అంటే ఎడతెగని గోల, లెక్కపెట్టలేం.

అమెరికాలో మామూలు జనం పల్లె రోడ్ల పక్కన ఆగి కప్పల అరుపు విని రాసే కార్యక్రమంలో ఇదే కొలత వాడారు. అయితే అరిచేది మగకప్పలే, అదీ జతకట్టే రోజుల్లో. కాబట్టి 0 వచ్చినంత మాత్రాన కప్పలు లేవని కాదు. కంటి లెక్కకు ఇది తోడు మాత్రమే. రకాల అరుపులు గుర్తుపట్టడానికి ఫోనులో రికార్డు చేసి ఉంచుకుంటే పగలు తీరికగా వినవచ్చు.

కనబడినవి వేరు, ఉన్నవి వేరు: శనగల లెక్క

మనకు 84 కనబడితే చెరువులో ఉన్నవి 84 మాత్రమే కాదు. మునిగినవి, గడ్డిలో దాగినవి ఎన్నో. మరి మొత్తం ఎన్నో శాస్త్రజ్ఞులు ఎలా చెబుతారు? ఇంట్లో శనగలతో చేసి చూడండి, పిల్లలకు కూడా బాగా అర్థమవుతుంది.

ఒక గిన్నెలో లెక్కపెట్టకుండా శనగలు పోయండి. అందులోంచి 40 తీసి సున్నం బొట్టు పెట్టి ఆరనిచ్చి, మళ్లీ గిన్నెలో వేసి బాగా కలపండి. ఇప్పుడు కళ్లు మూసుకుని 50 తీయండి. అందులో 10 బొట్టువి వచ్చాయనుకోండి. అంటే తీసిన వాటిలో ఐదో వంతు బొట్టువి. అయితే గిన్నెలో కూడా ఐదో వంతే బొట్టువి ఉండాలి. బొట్టు పెట్టినవి 40. నలభై ఐదో వంతు అయితే మొత్తం 200. నలభైని యాభైతో హెచ్చించి పదితో భాగించినా అదే వస్తుంది. తర్వాత అన్నీ లెక్కపెట్టి చూడండి, దగ్గరగా వస్తుంది.

ఈ లెక్క నిలబడాలంటే మధ్యలో గిన్నెలో కొత్త శనగలు పడకూడదు, ఉన్నవి పోకూడదు, బొట్టు చెరిగిపోకూడదు. కప్పల విషయంలోనూ అంతే. వాటికి గుర్తు పెట్టడానికి పూర్వం కాలివేలి కొస కత్తిరించేవారు. ఇప్పుడు చాలామంది ఒంటి మీద పుట్టుకతో వచ్చిన మచ్చల్ని ఫోటో తీసి గుర్తుపడుతున్నారు. రైతులు ఈ పని చేయనక్కర లేదు. కప్పల్ని పట్టకండి, రంగు వేయకండి, వేలు కోయకండి. మనకు కావలసింది పెరుగుతున్నాయా తరుగుతున్నాయా అన్నది. దానికి ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి రాసిన గట్టు లెక్క చాలు.

అంకెను ఎలా చదవాలి?

సార్వాలో 100 మీటర్లకు 17, దాళ్వాలో 6 వచ్చింది. కప్పలు తగ్గినట్టేనా? తొందరపడొద్దు. దాళ్వాలో చలి రాత్రుళ్లు కప్ప తక్కువ తిరుగుతుంది. ఈ సార్వాను పోయిన సార్వాతో, ఈ దాళ్వాను పోయిన దాళ్వాతో పోల్చాలి. పైరు వయసు కూడా చూడాలి. నాటిన పది రోజులకు నీరంతా తెరిపిగా ఉండి కప్ప సులువుగా కనబడుతుంది. దుబ్బు కట్టాక అదే కప్ప మొదళ్ల చాటున ఉంటుంది. అది తగ్గడం కాదు, కనబడకపోవడం.

మందు ప్రభావం తెలుసుకోవాలంటే మందు కొట్టిన మడి ఒక్కటే చూస్తే చాలదు. కొట్టని మడి కూడా ఒకటి చూడాలి. కొట్టడానికి ముందు రెండింటిలోనూ, తర్వాత రెండింటిలోనూ లెక్క తీయాలి. రెండూ తగ్గితే కారణం వాతావరణమో, నీరో కావచ్చు. కొట్టిన మడిలోనే తగ్గి, కొట్టని మడిలో నిలిస్తే మందు మీద అనుమానం పెట్టుకోవచ్చు. నలుగురు రైతులు కలిసి చేస్తే ఇలాంటి జంట మడులు నాలుగు దొరుకుతాయి. అప్పుడు మాటకు బలం వస్తుంది.

తోకకప్పలను మరిచిపోవద్దు

పెద్ద కప్పలు మందు కొట్టగానే పక్క కాలువలోకి పోగలవు. తోకకప్పలకు ఆ దారి లేదు. నీళ్లలో ఏది పడితే అది భరించాల్సిందే. అందుకే పగటిపూట నెలకు ఒకసారి తోకకప్పల్ని కూడా చూడాలి. అంచు దగ్గర పది చోట్ల టీ వడపోత గుడ్డ కట్టిన చిన్న వలను ఒక్కొక్కసారి ముంచి, వచ్చినవి లెక్కపెట్టి వెంటనే నీళ్లలో వదిలేయాలి. కాళ్లు వచ్చినవి, రానివి వేరుగా రాయండి. రెండు నెలలు వరుసగా చిన్న తోకకప్పలే కనబడి కాళ్లు వచ్చినవి ఒక్కటీ కనబడకపోతే అవి మధ్యలోనే పోతున్నాయేమో చూడాలి. నీరు ఎండుతోందా, మందు పడుతోందా, చేపలు తింటున్నాయా అన్నది వెతకాలి.

గట్ల మీద కలుపు మందు విషయం కూడా గమనించదగ్గది. అమెరికాలో రిక్ రెల్యియా అనే శాస్త్రజ్ఞుడు 2005లో ప్రచురించిన ప్రయోగంలో గ్లైఫోసేట్ కలుపు మందు పడిన తొట్లలో మూడు వారాలకు తోకకప్పలు దాదాపు అన్నీ చచ్చాయి. గడ్డి మందు గడ్డినే చంపుతుందిలే అనుకోవడానికి లేదు. మందు ఆకుకు అంటుకోవడానికి కలిపే సబ్బు లాంటి పదార్థం కూడా తోకకప్పలకు హాని చేస్తుంది. గట్టు గడ్డి కొడవలితో కోస్తే గొడ్డుకు మేతా దొరుకుతుంది.

పురుగుమందుల్లో ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఫోరేట్ గుళికల వాడకం 2020 డిసెంబరు 31తో నిలిచిపోయింది. పాత డబ్బాలు, పాత గుళికల సంచులు ఇంట్లో మూలన ఉంటే మడిలో వేయకండి. స్ప్రేయరు కడిగిన నీళ్లు చెరువులో, కాలువలో పోయకండి. మందు కొట్టక ముందు పురుగు ఎంత ఉందో లెక్క చూసి, అవసరమైతేనే, అవసరమైన మడికే కొట్టండి.

ఖర్చు లేకుండా చేయగలిగినవి

మడి మూలన నీరు చివరిదాకా నిలిచే చిన్న గుంట ఒకటి వదిలితే, మడి ఆరగట్టిన రోజుల్లో కప్పకు, తోకకప్పకు ఆసరా ఉంటుంది. గట్టు గడ్డి మొత్తం ఒకే రోజు చెక్కకుండా ఒక పక్క ఇప్పుడు, ఇంకో పక్క రెండు వారాల తర్వాత చెక్కండి. గుర్రపు డెక్క తీసేటప్పుడు ముక్కలు ముక్కలుగా తీయండి. ఇవి చేశాక కప్పలు పెరిగాయా లేదా అన్నది మీ లెక్కే చెబుతుంది. పెరగకపోతే పద్ధతి మార్చండి.

జాగ్రత్తలు

కప్పలున్న చోట రాత్రిపూట పాములు ఉంటాయి. ఈ మాట తేలిగ్గా తీసుకోకండి. మోకాలి కింద దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకుని, చేతికర్రతో ముందు తట్టుకుంటూ నడవాలి. చెప్పులతో, వట్టి కాళ్లతో పోవద్దు. బూట్లు లేకపోతే రాత్రి లెక్క మానేసి, తెల్లవారి వెలుగొచ్చాక అంచున లెక్కపెట్టండి. అంకె తక్కువ వస్తుంది, కానీ ఎప్పుడూ తెల్లవారే చూస్తే పోలికకు పనికొస్తుంది. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నాటువైద్యం వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరాలి.

అడవి పందుల కోసం గట్ల మీద కరెంటు తీగ పెట్టే చోట్లకు రాత్రి అసలు పోవద్దు. అలా తీగ పెట్టడం చట్ట ప్రకారం నేరం, మనుషుల ప్రాణాలు పోతున్నాయి. మెరుపులున్నప్పుడు లెక్క ఆపాలి. మందు కొట్టిన మడిలో చేతులు పెట్టరాదు.

ఒక చెరువు కప్పల్ని పట్టి ఇంకో చెరువులో వదలకండి. కప్పలకు చర్మాన్ని తినే బూజు జబ్బు ఒకటి ప్రపంచమంతా పాకింది, అది నీటితో, తడి బూట్లతో కూడా పోతుంది. ఒక కుంట నుంచి ఇంకో కుంటకు వెళ్లేముందు బూట్లు, వల కడిగి బాగా ఎండలో ఆరబెట్టండి. అండమాన్ దీవులకు చేరిన బోదురుకప్ప అక్కడ వేగంగా పాకి స్థానిక జీవులకు ముప్పుగా మారింది. మంచి కప్ప కూడా తనది కాని చోట చేటు చేస్తుంది.

రైతుల సందేహాలు

కప్పలుంటే మందు కొట్టనక్కర లేదా?
అలా అనుకోవద్దు. కప్ప కదిలే పురుగును, నోటికి పట్టేదాన్ని తింటుంది. మిడతలు, పెంకుపురుగులు, రెక్కల పురుగులు తింటుంది. సాలీడు వంటి మేలు చేసే జీవుల్నీ తింటుంది. సుడిదోమ ఒక్కసారిగా విరుచుకుపడితే కప్పలు ఆపలేవు. అయితే కప్పలు, సాలీళ్లు, తూనీగలు కలిసి పని చేసే మడిలో పురుగును అదుపు చేసే నోళ్లు ఎక్కువ. అందరినీ ఒకేసారి చంపే మందు కొడితే తర్వాత వచ్చే పురుగుకు అడ్డే ఉండదు.

ఆకుపచ్చటి పెద్ద కప్ప మొక్కల్ని తింటుందా?
చెరువుల్లో తామరాకుల మధ్య కనబడే ఆకుపచ్చ కప్ప వేరే జాతి, నీటికప్పకు దగ్గరి చుట్టం. పెరిగాక అది నీటి మొక్కల ఆకులు కూడా తింటుంది. కప్పల్లో ఇది అరుదైన అలవాటు. దాన్ని వేరే గడిలో రాయండి.

చేపపిల్లల చెరువులో కప్పలు నష్టమే కదా?
పెద్ద బోదురుకప్ప చిన్న చేపను పట్టగలదు. నీరు పెట్టక ముందే చుట్టూ సన్న కంత వల కడితే చాలు. మందు పోసి చంపితే ఆ నీరు చేపపిల్లలకూ పనికిరాదు.

కప్పలు పెరిగితే పాములు ఇంటికి రావా?
నీరుకట్టె, నాగుపాము కప్పల్ని తింటాయి. అందుకే గుంట ఇంటికి, పశువుల పాకకు దూరంగా మడి మూలన ఉండాలి. ఇంటి చుట్టూ పాముల్ని ఎక్కువగా రప్పించేది ఎలుకలు, చెత్తకుప్పలు. ముందు వాటి సంగతి చూడాలి.

నోటు పుస్తకంలో ఏం రాయాలి?

తేదీ, వేళ, ఎవరు చూశారు, చోటు పేరు, గట్టు పొడవు, వాన పడిందా లేదా, వెన్నెల ఉందా లేదా, నీటి లోతు, మొక్కల పరుపు, మందు వివరం, నీటికప్పలు, బోదురుకప్పలు, గోకురుకప్పలు, తెలియనివి, అరుపు అంకె. కప్ప ఒక్కటీ కనబడని రాత్రి సున్నా తప్పకుండా వేయాలి. చాలామంది సున్నా వస్తే రాయడం మానేస్తారు. సున్నా కూడా లెక్కే. పోయినేడు పదిహేడు, ఈ ఏడు సున్నా అయితే, ఆ సున్నాయే పుస్తకం మొత్తం మీద విలువైన అంకె.

బడికి పోయే పిల్లలు ఇంట్లో ఉంటే అంకెలు వేసే పని వాళ్లకి అప్పగించండి. రాత్రి గట్టు మీదికి మాత్రం పెద్దవాళ్లే పోవాలి. ఏడాది లెక్క పూర్తయ్యాక దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికో, డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మాస్టారికో చూపించండి. ఈ సార్వా నారుమడి పోసేటప్పుడే గట్టు కొలిచి రెండు కర్రలు పాతితే, వచ్చే సార్వాకు పోల్చడానికి మొదటి అంకె మీ చేతిలో ఉంటుంది.